పొరుగింటి కుక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో పఠనాసక్తిని గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో మాట్లాడుట ఆచారము. కార్యదర్శిగారు విషయమును నా యిష్టమునకే విడిచిరి. పశువైద్యశాలలలో చిరకాలము కాంపౌండరుగా పనిచేసినవాడనగుటచే పుస్తకములకంటె పశువులను గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే నాకు తగిన పని. అందును ఆవును గూర్చి కాదు, ఎద్దును గూర్చి కాదు, కుక్కను గూర్చి చెప్పదలచినాను. కొందరికి నవ్వు వచ్చును. మన భాషలోనే కుక్కకు మర్యాద లేదు. దిక్కులేని చావు కుక్కచావు. దాని కాటునకు చెప్పుదెబ్బ. ఇంటిముందు రాత్రియంతయు మేలుకొనియుండు జీవికి మనము ఇచ్చిన బిరుదములు ఇట్టివి.

ఆసుపత్రికి వచ్చువారు తమ కుక్కను గూర్చి అడుగుట తక్కువ. పొరుగువాని కుక్కను గూర్చి అడుగుట ఎక్కువ. అదియు గొంతు తగ్గించి అడుగుదురు: "సారూ, మా పక్కింటాయన కుక్కను కట్టేసి ఆకలికి మాడ్పుతున్నడు. చెప్తే తగాదా అయితది. చెప్పకుంటే రాత్రి నిద్ర పడ్తలేదు. ఏం చెయ్యాలె?" ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి నా ఉపన్యాసము.

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ఆంధ్రమహాభారతము తెరచినవారికి తొలి ఘట్టములలోనే ఒక కుక్క కనబడును. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున దీర్ఘసత్రయాగము చేయుచుండగా సరమ అను దేవతల కుక్క యొక్క పిల్ల అచటికి వచ్చినది. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయినది. వ్యాసభారతమున సరమ తొందరపడి రాజుపై పడలేదు. "నీవేదో తప్పు చేసియుందువు" అని ముందు పిల్లనే అడిగినది. హవిస్సు ముట్టలేదు, కనీసము దానివైపు చూడనైన లేదని పిల్ల చెప్పినపిదప యాగశాలకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టినారని సూటిగా ప్రశ్నించినది. ఆ సోదరులు బదులు చెప్పలేదు. అప్పుడుగాని సరమ శపించలేదు. కొట్టుట ఒక దోషము. అడిగినప్పుడు బదులు చెప్పకపోవుట అంతకు మించిన దోషమని నా అభిప్రాయము.

మనము భద్రాద్రిరాముని నీడలో బ్రతుకువారము గనుక రామకథలోని కుక్కనుగూడ తలచుకొనవలెను. ఉత్తరకాండలో ప్రక్షిప్తములని పండితులు చెప్పు సర్గలలో ఒక కథ గలదు. తల పగిలిన కుక్క ఒకటి రాముని ద్వారమున నిలిచి న్యాయము కోరినది. కొట్టినవాడు సర్వార్థసిద్ధుడను భిక్షువు. రాముడు అతనిని పిలిపించి, ఏల కొట్టితివని అడిగెను. భిక్షకై తిరిగితిని, వేళ మీరినది, ఆకలి మండుచున్నది, ఈ కుక్క త్రోవ నడుమ నిలిచి ఎంత చెప్పినను తొలగలేదు, కోపము వచ్చినదని అతడు నిజము చెప్పినాడు. ఆ మీద కుక్క కోరిన విచిత్రమైన శిక్షను గూర్చి పురాణము చెప్పువారు చెప్పుదురు. నాకు కావలసినది ఇంతే. రాముడంతటివాడు తీర్పునకు ముందు కొట్టినవాని మాటగూడ వినెను. వినగా బయటపడినది క్రౌర్యము కాదు, ఆకలి. మన ఊళ్లలో కుక్కపై చేయి చేసికొనువారిలో చాలమంది ఆ భిక్షువు వంటివారే.

కావున మొదటి పని చూచుట. చూచుట అనగా గోడమీదుగా ఒకసారి తొంగిచూచి నిర్ణయించుట కాదు. బక్కచిక్కిన కుక్క అంతయు పస్తున్న కుక్క కాదు. కడుపులో పురుగులున్నను, పిడుదులు పట్టి జ్వరము వచ్చినను, పిల్లలకు పాలిచ్చుచున్నను ఎముకలు బయటపడును. వెంట్రుకలూడి చర్మము పొరలు కట్టినచో అది గజ్జి కావచ్చును, దెబ్బలు కావు. అట్లే మెడచుట్టు తాడు ఒరసి పుండై, అందు పురుగులు పడియున్నను ఎవరును చూడకున్నచో దానికి ఇంకొక అర్థము లేదు. యజమాని చేయి ఎత్తగానే నేలకు కరచుకొనిపోవు కుక్కకు ఆ చేతి పరిచయము బాగుగా ఉన్నదన్నమాట. నీటిగిన్నె ఎండి దుమ్ము పట్టియున్నదా, తాడు ఎన్ని మూరలున్నది, మిట్టమధ్యాహ్నము నీడ దానిని చేరుచున్నదా, ఇవి నాలుగైదు దినములు వేరువేరు వేళల చూడవలెను. మన ప్రాంతమున మే మాసపు ఎండ నలుబది అయిదు డిగ్రీలు దాటుట వింత కాదు. ఉదయము నీడనిచ్చిన గోడయే మధ్యాహ్నము పెనమగును.

అడవి అంచున కుక్కను కట్టుట అంతయు తప్పు కాదనికూడ చెప్పవలెను. పట్నమువారికి ఇది తెలియదు. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారము. రాత్రి దానిని లోపల కట్టుట దయ. దుప్పిని, కుందేలును తరుముకొనిపోవు కుక్కను కట్టకున్నచో అది అడవికిని కీడు, యజమానికిని కీడు. ఇక చొంగ కార్చుచు, నీరు మ్రింగలేక, ఎదురుపడినదానినెల్ల కరచు కుక్కను దూరముగా కట్టి దగ్గరకు పోని యజమానిని నిందింపరాదు. అది పిచ్చికుక్క కావచ్చును. జాలితో నీరు పోయబోయి కరపించుకొన్నచో మీ ప్రాణమునకే ముప్పు. పశువైద్యునికి కబురు చేయవలెను. కాటు పడినచో సబ్బుతో, ధారగా పడు నీటితో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. వైద్యుడు చెప్పిన దినములన్నిటను సూదిమందు వేయించుకొనవలెను. రోగలక్షణములు కనబడిన పిదప మనిషిని బ్రతికించుట దాదాపు అసాధ్యము.

రెండవ పని మాటలాడుట. ఇక్కడనే మనవారు తడబడుదురు. అయితే అసలు మాటలాడరు. లేదా నలుగురిలో కేకలు వేయుదురు. నేనెరిగిన రెండు సంగతులు చెప్పెదను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పను.

కిన్నెరసాని అవతల ఒక ఊరిలో ఒంటరి స్త్రీ యింట కుక్క వేపచెట్టునకు రెండు మూరల తాటితో కట్టబడియుండెడిది. పగలంతయు అరచుచుండెడిది. ఊరివారు ఆమెను దయలేనిదనిరి. పక్కింటి వృద్ధుడు నాలుగు దినములు గమనించినాడు. ఆమె తెల్లవారకమునుపే లేచి గిన్నెలో నీరు పోసి మిరపతోటకు కూలికి పోవును. కుక్క గంటలోపలనే తాడు చుట్టుకొని గిన్నెను తన్ని పారబోయును. ఆమె తిరిగి వచ్చుసరికి చీకటి పడును. ఆదివారమునాడు ఆయన ఆమె గుమ్మమున నిలిచి అడిగినాడట: "బిడ్డా, నీ కుక్కకు నీళ్ల గిన్నె నిలుస్తలేదు. మా ఇంట్ల పాత రాతితొట్టి ఒకటి ఊకెనే పడున్నది. తెచ్చి పెట్టాల్నా?" ఆమెకు కన్నీరు వచ్చినది. "పెట్టు తాతా. నిరుడు పిల్లగాణ్ని కరిచిందని పెద్దమనుషులే ఇప్పొద్దన్నరు. ఇప్పితే తిడ్తరు, కట్టేస్తే తిడ్తరు. నేనేం చెయ్యాలె?" అన్నది.

ఆ ముసలివానికి చట్టము తెలియదు, శాస్త్రము తెలియదు. "నీవు హింసించుచున్నావు" అను మాట ఆయన నోట రాలేదు. తొట్టిని గూర్చి మాటలాడినాడు. తొట్టి వచ్చినది, కుక్క దానిని కదల్పలేకపోయినది. పిదప రెండు గుంజలు పాతి, వాని నడుమ తీగ లాగి, తీగకు ఇనుపకడియము వేసి, కడియమునకు తాడు కట్టిరి. కుక్క ఆ పొడవునను ఇటునటు తిరుగగలదు, నీడను చేరుకొనగలదు. ఇందుకైన ఖర్చు అతి స్వల్పము. కంచె సవరించిన తరువాత రాత్రులు దానిని ఆవరణలో విడిచెడివారు. పిచ్చి రాకుండ సూదిమందు నేనే వేయించితిని. ఆ కుక్క తరువాత ఎవ్వరిని కరచినట్లు నేను వినలేదు.

రెండవది ఇంత చక్కగా ముగియలేదు. ఒక గృహస్థు ప్రతి సాయంకాలము త్రాగివచ్చి కుక్కను కర్రతో బాదెడివాడు. ఎదురింటి యువకుడు చదువుకొన్నవాడు, ఆవేశపరుడు. ఒక రాత్రి వీధిలో నిలిచి ఆయనను నానామాటలు అని, పోలీసులను పిలుతునని బెదిరించినాడు. మరునాడు కుక్కకు దెబ్బలు రెట్టింపైనవి. ఆ రాత్రి యింటి యిల్లాలికిగూడ పడినవి. మూగజీవిని కొట్టు చేయి అక్కడనే ఆగునని ఎవరును అనుకొనరాదు. కుక్క అరుపు వినబడిన యింట మనిషి అరుపుకొరకుగూడ చెవి యొగ్గవలెను. ఆ యువకుని ఉద్దేశము మంచిదే. వేళ చెడ్డది. త్రాగినవానితో రాత్రివేళ ధర్మము మాటలాడరాదు.

తుదకు ఆయన బావమరదికి కబురు పోయినది. అతని మాటకు ఆయన కొంత వెరచును. తెల్లవారి, మత్తు దిగిన వేళకు వచ్చి, "బావా, నాకు చేనుకాడ కావలికి కుక్క కావాలె. అడివిపందులు మక్కచేను ఉంచుతలేవు. ఈ కుక్కను నేను తోల్కపోత" అన్నాడు. ఆయన ఏమియు అనలేదు. గౌరవము చెడలేదు గనుక ఒప్పుకొన్నాడు. ఎదురింటి యువకుని తల్లి నాటినుండి ఆ యిల్లాలికి తోడుగా ఉండెడిది. ఆయన త్రాగుడు మాత్రము మానలేదు. కుక్క బ్రతికినది.

ఈ సందర్భమున వేటకుక్కల మాట చెప్పక తప్పదు. ఆకలిగానున్న కుక్కయే బాగుగా వేటాడునను నమ్మకమొకటి మన ప్రాంతమున గలదు. అది అబద్ధము. నీరసించిన కుక్క పంది కోరకు ముందుగా చిక్కును. కడుపు చీలిన కుక్కలను ఆసుపత్రికి తెచ్చి, "ఎట్లయినది?" అని అడిగినచో "కంచె గీసుకున్నది" అని చెప్పినవారిని చాలమందిని చూచినాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిజంతువును కుక్కలతో తరుముటయు వేటయే; ఆ భయముచేత కొందరు కుక్కను అసలు తీసికొనిరాక యింటనే చావనిత్తురు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. వేట తప్పే. గాయపడిన జీవిని గడ్డివామి చాటున దాచుట రెండవ తప్పు. ఇట్టిది చూచిన పొరుగువారు మొదట వైద్యమునకు తోడ్పడవలెను. కుట్టు పడిన తరువాత మందలించుటకు వ్యవధి చాల ఉండును.

ఇక మాటతో పని కానప్పుడు చట్టమున్నది. రుక్మిణీదేవి అరుండేల్ గారిని మనము నాట్యకళాకోవిదురాలిగా మాత్రమే ఎరుగుదుము. రాజ్యసభలో మూగజీవుల పక్షమున బిల్లును ప్రతిపాదించినది ఆమెయే. ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని నెహ్రూగారు హామీ యిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ హామీ ఫలితమే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. (మన ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయముల చట్టముకూడ ఆ సంవత్సరముదే, ఈ సభలో చెప్పుటకు ముచ్చటగానున్నది.) 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

ఆ చట్టములోని పదునొకండవ విభాగమును ఒకసారి చదువుడు. కొట్టుట, తన్నుట మాత్రమే కాదు. అతి కురుచయైన తాటితోనో అతి బరువైన గొలుసుతోనో అకారణముగా చాలసేపు కట్టియుంచుటయు నేరమే. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కకు నడక లేకుండ చేయుట నేరమని కుక్క పేరు ప్రత్యేకముగా చెప్పినారు. చాలినంత తిండి, నీరు, నీడ యజమాని ఇయ్యకుండుట నేరము. అయితే మొదటి నేరమునకు జుల్మానా పదిరూపాయలు మొదలు యాబది రూపాయలవరకు మాత్రమే. ఆనాడు యాబది రూపాయలన్న భయముండెను; నేడు అది నలుగురి ఫలహారమునకు చాలదు. మూడేండ్లలోపల మరల చేసినచో నూరురూపాయలవరకు జుల్మానాయో, మూడు నెలలవరకు ఖైదో, రెండునో పడవచ్చును. నేరము రుజువైనచో జంతువును యజమానినుండి తప్పించు అధికారము న్యాయస్థానమునకు కలదు. నా దృష్టిలో ఆ చట్టమునకు కోర అదియే. జంతువును చంపినను, విషము పెట్టినను, అవిటిదానిని చేసినను సంగతి వేరు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ విభాగము ప్రకారము అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చును.

ఇట్టి కేసులు కాగితముమీదనే ఉండునని అనుకొనరాదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలము పొన్నకల్ గ్రామమున రాత్రివేళ ఇరువది వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. యజమాని లేని ఆ కుక్కలకొరకు పోలీసులకు ఫిర్యాదు వ్రాసినది గ్రామ పంచాయతీ కార్యదర్శి. పిమ్మట అరెస్టులుకూడ జరిగినవి. హైదరాబాదునుండి ఏ సంస్థయో రావలెనని ఆ ఊరు ఎదురుచూడలేదు. భద్రాచలమునుండి హైదరాబాదు మూడువందల కిలోమీటర్లు. అంతదూరమునుండి వచ్చు సహాయముకొరకు కట్టుకొయ్యకడ కుక్క కాచుకొనియుండలేదు.

ఫిర్యాదు చేయదలచినవారు ఏ తేదీన, ఏ వేళ, ఏమి చూచిరో వ్రాసికొనవలెను. విన్నది చూచినట్లు వ్రాయరాదు. వీధిలోనుండి ఛాయాచిత్రము తీయవచ్చును, గోడ దూకరాదు. పంచాయతీ కార్యదర్శికిని, పశువైద్యాధికారికిని ముందు చెప్పుట మేలు. వైద్యుడు గాయమును చూచి వ్రాసి యిచ్చిన కాగితమునకు పోలీసు ఠాణాలో బరువుండును. చంపుట, అవిటిదానిని చేయుట వంటి నేరములలో పోలీసులు తామే కేసు పెట్టవచ్చును. ఉత్త దెబ్బలకు, ఆకలికి సంబంధించిన ఫిర్యాదులలో మేజిస్ట్రేటు అనుమతి కావలసియుండును గనుక, "ఠాణాకు పోతే పట్టించుకొనలేదు" అని నిరాశపడువారు ఈ భేదమును తెలిసికొనవలెను.

రాత్రికి రాత్రి తాడు కోసి కుక్కను విడిచిపెట్టుట కొందరికి వీరకార్యముగా తోచును. ఆ కుక్క తెల్లవారుసరికి ఆ గుమ్మమునకే తిరిగి వచ్చును, లేదా చిరుత పాలగును. యజమాని దొంగతనమని మీమీదనే ఫిర్యాదు చేయును. ఆ మీదట ఆ యింటి గడప మీరు ఎన్నడును తొక్కలేరు. కుక్కకున్న ఒక్క సాక్షియు పోయినట్లే.

గోదావరి వరదను గూర్చి ఒక మాట. 1986 ఆగస్టు 16న భద్రాచలముకడ నీటిమట్టము 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు చూచినాము. వరద ఊరిమీదికి వచ్చునప్పుడు మనుషులు పిల్లలను, మూటలను పట్టుకొని లారీలెక్కుదురు. పశువులను మిట్టకు తోలుదురు. గొలుసునకున్న కుక్కను మరతురు. అది క్రౌర్యము కాదు, తొందర. కాని కట్టుకొయ్యకడ నీరు పెరుగుచుండగా ఈదనేర్చిన జీవి మునిగిపోవును. నలుబది మూడు అడుగులకు మొదటి హెచ్చరిక, నలుబది ఎనిమిదికి రెండవది, యాబది మూడునకు మూడవది. రెండవ హెచ్చరిక వినబడగానే ప్రతి వీధిలోను ఒక యువకుడు ఇంటింటికి పోయి గొలుసులు విప్పించు పని పెట్టుకొన్నచో చాలును. తునికాకు కోతలకు కుటుంబములు అడవికి పోవు దినములలోను, కాపలాకై చేనిలో కుక్కను కట్టివచ్చు దినములలోను అదే యువకుడు నీటితొట్లను చూచి రావచ్చును. యజమానికి ముందుగా చెప్పి పోయిన యెడల ఎవ్వరును కాదనరు.

ఇచటికి వచ్చుటకు ముందు కార్యదర్శిగారితో ఒక ఏర్పాటు మాటలాడినాను. జంతుహింసా నివారణ చట్టము తెలుగు ప్రతిని ఒకటి గ్రంథాలయమున ఉంచుటకును, మండల పశువైద్యశాల ఫోను నెంబరును వార్తాపత్రికల బల్లమీది పలకపై వ్రాయుటకును వారు సమ్మతించిరి. సంచార పశువైద్య సేవకై 2017లో ప్రభుత్వము ప్రారంభించిన 1962 అను నెంబరునుగూడ దాని క్రింద వ్రాయింతురు. కుక్కలకు పిచ్చినివారక టీకాలు వేయు దినము నిర్ణయమైనచో ఆ పలకమీదనే ప్రకటింతురు. ఆనాడు తమ కుక్కను తెచ్చువారు పక్కింటి కుక్కనుకూడ, దాని యజమాని నడిగి, వెంట తీసికొనిరావలసినదిగా కోరుచున్నాను. కొత్త చేతిని చూచి బెదరు కుక్కలు ఉండును; మూతికి కట్టుటకు మెత్తని గుడ్డపేలిక తెచ్చుట మరువవద్దు.